నాము మొలిచిన చేను

మా ఫారంలో గొర్రెల వాసన రాకూడదని యజమాని గారి ఆజ్ఞ. జనగామ దాటాక ఎర్రమట్టి గుట్టల పక్కన, మనిషెత్తు స్తంభాల మీద చెక్కపలకలు పరిచి కట్టిన మూడు పొడవాటి షెడ్లు, వాటిలో చెవులకు పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళలు తగిలించుకున్న గొర్రెలు, వాటికి మేనేజరును నేను. ఆదివారం వచ్చిందంటే హైదరాబాదు నుంచి యజమాని గారి స్నేహితులు పెళ్ళాం పిల్లలతో కార్లలో దిగుతారు కాబట్టి శనివారమే షెడ్లన్నీ కడిగించి, ఫినాయిలు కొట్టించి, దాని మీద నిమ్మగడ్డి నూనె కలిపిన నీళ్ళు చల్లించాలి. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. గొర్రె గొర్రె వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా? వచ్చినవాళ్ళు గొర్రెపిల్లను చంకనెత్తుకుని ఫోటోలు దిగుతారు, దాని ముఖం ముందే మటన్ ధర మాట్లాడుకుంటారు, పోయేముందు ఎవరో ఒకరు జనాన్ని తిట్టడానికి “వట్టి గొర్రెల మందండీ, ఒకటి ఎటు పోతే అన్నీ అటే” అంటారు. నెల జీతం గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. ఆ జీతమూ గొర్రె తోక బెత్తెడే అన్నట్టు చేరిన నాటి నుంచి పెరిగింది లేదు. కానీ మంద తప్పు దారిన పోయిందంటే దాని ముందు నడిచినవాడు మనిషేనని నేను పదేళ్ళప్పుడే చూశాను, ఈ కార్ల వాళ్ళు చూడలేదు.

నేను పుట్టింది కొడకండ్ల దగ్గర ఒక ఊళ్ళో, కురుమ వాడలో. ఇంటి వెనక తుమ్మకంపతో చుట్టిన దొడ్డి, దానిలో మా నల్ల గొర్రెలు. వానాకాలంలో తడిసిన ఉన్ని వాసన, చలికాలంలో అవ్వ గొంగడిలో ఇంకిన పొగ వాసన, ఎండాకాలంలో ఎండిన పెంటికల దుమ్ము వాసన, ఈనిన గొర్రె దగ్గర పచ్చిపాల వాసన, ఇవన్నీ మా బువ్వలో, మా బట్టల్లో, మా జుట్టులో ఉండేవి. బడిలో భూములున్న ఇళ్ళ పిల్లలు నా పక్కన కూర్చోవాలంటే ముక్కు మూసుకునేవాళ్ళు. వాళ్ళ నాయినలు మాత్రం దుక్కులు మొదలయ్యే ముందు మా ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళు, మా చేన్లో రెండు రాత్రులు మంద పెట్టండి, ఎరువు పడుతుంది, జొన్నలు కొలుస్తామని. మా గొర్రెల పెంటికలతో పండిన గింజలు లొట్టలేసుకుంటూ తిన్న ముక్కులే బడిలో మూసుకుపోయేవి.

అయినా ఆ రోజులు నావి. తొలకరి వానలకు గొర్రెలు ఈనితే అవ్వ ముర్రుపాలు సత్తు గిన్నెలో పోసి, బెల్లం, యాలకులు వేసి, ఆవిరి మీద జున్ను కట్టేది. పిల్ల చాలినన్ని తాగాకే మనకు అనేది ఆమె నియమం కాబట్టి ఆ జున్ను అరచేతిలో సగం కూడా వచ్చేది కాదు, అందుకే నాలుగు రోజులు నోట్లో ఉన్నట్టే ఉండేది. బతుకమ్మ పండక్కి నువ్వుల సద్ది, పల్లీల సద్ది, మలీద ముద్దలు కొంగున కట్టుకుని మంద వెనకాల పోయి, గొర్రెలకు కూడా తలా పిసరు పెట్టి తిట్లు తినేవాళ్ళం. దీపావళి నాడు ఊరంతా టపాకాయలు కాలిస్తే మేము కాల్చేవాళ్ళం కాదు, జీవాలు బెదురుతాయని. దానికి బదులు దొడ్డిలో కొత్త కుండ పెట్టి గొర్రెపాలు పొంగించేవాళ్ళం, కుండ ఏ దిక్కుకు పొంగితే ఆ దిక్కున ఆ ఏడు గడ్డి బాగుంటుందని పెద్దలు వాదులాడుకునేవాళ్ళు. గచ్చకాయలు దొరకనప్పుడు ఎండిన పెంటికలతోనే ఓమనగుంటలు ఆడేవాళ్ళం. ఈ మాట మా ఆదివారపు అతిథులకు చెబితే మళ్ళీ వస్తారో రారో.

మా అవ్వ, అంటే బాపు తల్లి, గొర్రెలను లెక్కపెట్టేది కాదు. లెక్కపెడితే దిష్టి అనేది. సాయంత్రం దొడ్డి వాకిట్లో కూర్చుని, కాళ్ళు చాపుకుని, లోపలికి పోతున్న ఒక్కో ముఖాన్ని చూసేది; బొల్లి వచ్చింది, కర్రిది వచ్చింది, దాని చెల్లె వచ్చింది, దగ్గేది రాలేదేంది అని లేచి నిలబడేది. నిజంగానే దగ్గే గొర్రె ఏ కంపలోనో చిక్కుకుని ఉండేది. నాకు ఇవాళ కంప్యూటరులో ప్రతి గొర్రెకూ ఒక నంబరు ఉంది, దాని తల్లి నంబరు, తండ్రి నంబరు, బరువు అన్నీ ఉన్నాయి, అయినా ఏది దిగులుగా ఉందో ఆ డబ్బా చెప్పదు. నేను చెప్పగలను, అది అవ్వ పెట్టిన చదువు. ఏ ఆకు కడుపు ఉబ్బిస్తుంది, ఏ చెరువు నీళ్ళలో జలగలు ముక్కుల్లోకి పోతాయి, ఏ గడ్డి ఏ పూట మేపకూడదు, అన్నీ నడుస్తూ నడుస్తూ చెప్పేది. అలా చెప్పినవాటిలో ఒకటి నాము. జొన్న కోసిన చేన్లో కొయ్యకాళ్ళు మిగులుతాయి కదా, వాటి మీద అకాల వాన పడితే మళ్ళీ లేత పిలకలు లేస్తాయి, ఆ పిలకలే నాము. చూస్తే పచ్చగా, మెత్తగా, మనకే తినాలనిపిస్తుంది.

“ముట్టకు బిడ్డా. ఆకలిగొన్న జీవం నాలుగు బుక్కలు తిన్నదంటె మళ్ల లేవది,” అంది అవ్వ.

కాముని పున్నమి వెళ్ళగానే మా వాడలో ఐదారు ఇళ్ళ మందలు కలిపి గోదావరి దిక్కుకు తోలేవాళ్ళు. తొర్రూరు మీదుగా మానుకోట, అక్కడి నుంచి అడవి పట్టుకుని భూపాలపల్లి, ఆపైన కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు. వానలు పడేదాకా అక్కడే, ఇసుక పక్కన పచ్చగడ్డి మీద. దారిలో తునికి పండ్లు, మొర్రి పండ్లు, రాలిన ఇప్పపువ్వు ఎంత తింటే అంత అని మగవాళ్ళు వచ్చి చెబుతుంటే నాకు నోరూరేది. ఆడపిల్లలను తీసుకుపోరు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడు వంటకు అవ్వ పోవాల్సి వచ్చింది, నేను ఆమె కొంగు పట్టుకుని రెండు రోజులు ఏడ్చాను, కట్టెలు ఏరుతుందిలే రానీయమని అవ్వ ఒప్పించింది. అమ్మ తమ్ముణ్ణి పట్టుకుని ఇంటి దగ్గర ఉండిపోయింది. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ ప్రయాణమూ చేయలేదు.

కలిపిన మందకు ఒక పెద్ద ఉంటాడు. ఆ ఏడు మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. పొద్దున ఆయన పసుపు బండారి నుదుట పెట్టుకుని, కట్టెతో నేల మీద గీత గీసి, గీత దాటి నడిస్తే మంద ఆ వెనకే నడవాలి. మధ్యాహ్నం నీళ్ళ దగ్గర ఆగేదాకా రెండు కట్టుబాట్లు ఉన్నాయి: నడిచే మందను వెనక్కు మలపకూడదు, మంద ముందు చావు మాట ఎత్తకూడదు. మంద మలిగితే ఇల్లు మలుగుతదని, అంటే దీపంలా ఆరిపోతుందని సామెత. పులి ఎదురైనా పక్కకు తప్పించాలే తప్ప మలపకూడదట. ఎవరు పెట్టారో ఈ కట్టుబాటు, పెట్టినవాడికి గొర్రెలు ఉండేవో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మానుకోట దాటాక రెండు రోజులు మేత దొరకలేదు. అంతకు ముందు వారం పెద్ద గాలివాన పడింది, అయినా దారంతా నల్లరేగడి దుక్కులే, పచ్చని పోచ లేదు. జీవాల డొక్కలు లోపలికి పీక్కుపోయి, ఒకదాని ఉన్ని ఒకటి పీకి నమలడం మొదలుపెట్టాయి. మూడో రోజు పొద్దున ఒక తండా పక్కన గట్టు ఎక్కి చూస్తే, ఎదురుగా కోసిన జొన్న చేను, కొయ్యకాళ్ళ నిండా జానెడు పచ్చటి పిలకలు. గట్టు నుంచి బాట నేరుగా ఆ చేనులోకే దిగుతుంది. ఇటు పక్క వాగు గండి, అటు పక్క ముళ్ళకంప. మలపాలి, లేదా దిగాలి. పెద్దబాపు ముందుకే నడిచాడు.

నేను బాపును చూశాను. బాపు చేను అంచున వంగి ఒక పిలక తెంపాడు, వాసన చూశాడు, వేళ్ళతో నలిపి కింద పారేశాడు. అన్న వీపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి నోటికి అడ్డం కట్టుకున్నాడు, దుమ్ము లేని చోట. ఆ తువ్వాల నాకు ఇవాళ్టికీ కళ్ళ ముందు ఉంది. తండా వైపు నుంచి ఒక లంబాడామె రెండు చేతులూ ఊపుకుంటూ, తన భాషలో అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. మా వాళ్ళు చేను మేపుతున్నామని లొల్లి చేస్తున్నది అనుకుని నవ్వుకున్నారు. అవ్వ వంట సామాను ఉన్న గాడిదతో ఎక్కడో వెనక ఉంది. ఇంక నేనే ఉన్నాను. పరుగెత్తి పోయి పెద్దబాపు పంచె పట్టుకున్నాను.

“పెద్దబాపూ, గది నాము. తింటె సస్తయి!”

చెంప మీద కొట్టాడు. “మంద ముంగట సావు మాట తీస్తవా? ఆడపోరివి, నోరు ముయ్యి,” అన్నాడు.

అంతే, గొర్రెలు దిగాయి. రెండు రోజుల ఆకలి మీద ఉన్నవి, తల ఎత్తలేదు, కరకరమని ఆ చప్పుడు ఒక్కటే. ఒక చుట్ట కాల్చేంత సేపు కూడా కాలేదు, ముందున్న పెద్ద గొర్రె నిలబడ్డ చోటే వణికింది. మెడ వెనక్కు విరిచి, నోరు తెరిచి, గాలి అందనట్టు ఎగపోసుకుని పక్కకు ఒరిగింది. దాని పక్కది, దాని పక్కది. బొల్లి పడింది. అవ్వ వచ్చేసరికి చేను నిండా నల్లటి కుప్పలు. లంబాడామె ఇంట్లోకి ఉరికి బెల్లం ముద్ద తెచ్చి, బిందె నీళ్ళలో పిసికి, ఎవరినీ అడగకుండా గొర్రెల నోళ్ళలో పోయడం మొదలుపెట్టింది. అవ్వా ఆమే కలిసి, ఒకరి మాట ఒకరికి సగం సగమే తెలుస్తూ, కొన్నింటిని లేపారు. ఆమె మొదటి నుంచీ అరిచింది తినబెట్టొద్దనేనని అప్పుడు అర్థమైంది మా మగ మహారాజులకు. సగానికి మించి మంద ఆ చేన్లోనే పోయింది. అందులో మా ఇంటివే ఎక్కువ, ఎందుకంటే పెద్దబాపు తమ్ముడివి కాబట్టి మావే ముందు నడిచాయి.

తప్పు ఎవరిదో తేలాలి కదా. తండా చింతచెట్ల కింద పొద్దు వాలే వేళకు మగవాళ్ళు కూర్చుని తేల్చేశారు.

“ఈ పోరిది కరినాలుక. సస్తయన్నది, సచ్చినయి,” అన్నాడు పెద్దబాపు.

ఒక్కరూ కాదనలేదు. ఆ చెడ్డ మాట మిగతా గొర్రెలకు తగలకుండా నా నాలుకకు వాత పెట్టాలన్నాడు. పసుపు కొమ్ము పొయ్యిలో కాల్చాడు. అవ్వ మీద పడబోతే ఇద్దరు పట్టుకున్నారు. “కరిది దాని నాలుక కాదుర, నీ బుద్ధి!” అని ఆమె ఎంత అరిచిందంటే తండా అంతా బయటికొచ్చింది. నా తలను కదలకుండా పట్టుకున్నది బాపు. పిలక వాసన చూసిన ఆ వేళ్ళే నా దవడలు విప్పాయి. నాలుక కాలడం ఎలా ఉంటుందో నేను రాయను. అది నాకూ వాళ్ళకూ మధ్య ఉన్న సంగతి.

గోదావరి దాకా పోకుండానే నన్నూ అవ్వనూ ఇంటికి పంపేశారు. ఆ తర్వాత వాడలో ఈనే గొర్రె దగ్గరికి నన్ను రానిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి దగ్గర కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఎవరింట్లో మేక తప్పిపోయినా, నేను ఆ పొద్దు ఏమన్నానో అమ్మను అడిగి పోయేవాళ్ళు. మందకు పనికిరాని పిల్ల కాబట్టి హాస్టల్లో వేశారు. ఇప్పుడు మా వాడలో చదువుకున్న మొదటి ఆడపిల్ల నేనని సభల్లో శాలువా కప్పుతారు, ఎలా చదువుకున్నానో ఎవరూ అడగరు. పశుపోషణ డిప్లొమాలో చేరిన మొదటి ఏడు ఒక సారు బోర్డు మీద జొన్న మొక్క బొమ్మ వేసి, లేత పిలకల్లో ఉండే విషం పేరు, అది రక్తంలో ఏం చేస్తుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పుకుంటూ పోయాడు. బెల్లం పాకం పోస్తే కొంత మేలు అని కూడా చెప్పాడు. రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టి బయటికి వచ్చి గోడకు తల ఆనించుకున్నాను. మా అవ్వకు అక్షరం రాదు, ఆ లంబాడామెకు మా భాష సరిగా రాదు, ఇద్దరికీ ఈ పాఠం మొత్తం వచ్చు. రానిది కట్టె పట్టుకున్న వాళ్ళకే అనుకున్నాను అప్పుడు.

అవ్వ నా పరీక్షలు కాకముందే పోయింది. మిగిలిన గొర్రెలు రెండేళ్ళలో కరిగిపోయాక బాపు కూలికి పోయాడు, చివరికి చెల్పూరులో పవర్ ప్లాంటు పనుల దగ్గర రాత్రి కాపలాకు కుదిరాడు. సెలవులకు పోతే నాకు చేపలు కొనుక్కొచ్చేవాడు, ముల్లు తీసి పెట్టేవాడు, కూరలో కారం తక్కువ వేయమని అమ్మకు చెప్పేవాడు, నా నాలుకకు కారం తగిలితే కళ్ళ నీళ్ళు వస్తాయని ఆయనకు తెలుసు. ఎందుకు వస్తాయో మాత్రం ఇద్దరం మాట్లాడుకోలేదు. ఎన్ని సార్లు నోటి దాకా వచ్చిందో, బాపూ నువ్వు పిలక వాసన చూశావు కదా అని. ఆయన చెబుతాడని ఎదురుచూశాను. చెప్పకుండానే పోయాడు. ముల్లు తీసి పెట్టిన చేపతో సరిపెట్టుకోమన్నాడు కాబోలు, నేను సరిపెట్టుకోలేదు.

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం ఫారం గేటు దగ్గర ఆటో ఆగింది. పెద్దబాపు దిగాడు. ఎనభై దాటిన మనిషి, చేతిలో ఆ కట్టె లేదు, మనుమడి భుజం పట్టుకుని నడుస్తున్నాడు. మనుమడు డిగ్రీ మధ్యలో ఆపేశాడట, మందకు పోదామంటే మంద లేదు, ఫారంలో ఏదైనా పని ఇప్పించమని వచ్చారు. షెడ్డు నీడలో కుర్చీ వేయించి, చాయ్ ఇప్పించాను. ఎంతైనా పెద్దబాపు. ఆయన షెడ్ల వైపు చూసి, పలకల మీద నిలబడ్డ గొర్రెలు నేలే తొక్కవా అని అడిగాడు. తర్వాత పచ్చగడ్డి కోసే యంత్రం దగ్గర కుప్పగా పోసిన జొన్న మేతను చూశాడు. కంకి వేసేదాకా ఉంచే కోశాం, వడలనిచ్చే తెచ్చాం అన్నాను నేను, అడక్కుండానే. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“నాము లేసిందని నాకు గప్పుడే కండ్లవడ్డది బిడ్డా,” అన్నాడు. “ముంగటికి నడిచినంక మలిపితె నా పెద్దతనం పోతదనుకున్న. మీ బాపుకు ఎరుకే. అందరికి ఎరుకే.”

మనుమడికి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా దాచుకున్న కోపం ఒక్క బాపు మీదనే ఉండేది, మిగతా వాళ్ళు తెలియక చేశారనుకున్నాను. తెలియని మూర్ఖులని తిట్టుకుంటూ క్షమించినంత పని చేశాను. ఆ చింతచెట్ల కింద కూర్చున్న మీసాలన్నింటికీ తెలుసట. తెలిసే పదేళ్ళ పిల్ల నోరు విప్పి పట్టుకున్నారట. క్షమించమని ఆయన అడగలేదు. చెప్పేసి తేలికపడ్డట్టు మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. నాకు ఆ గ్లాసు లాక్కుని విసిరికొట్టాలనిపించింది.

“ఇనవడలే. జర గట్టిగ చెప్పు పెద్దబాపూ,” అన్నాను.

ఆయన నా ముఖం చూసి మళ్ళీ చెప్పాడు, గొంతు పెంచి, నాము అని తనకు తెలుసని, పిల్ల తప్పు లేదని. ఆ మాట వినాల్సింది మా అవ్వ, మా అమ్మ, బాపు. పెళ్ళికూతుళ్ళ పక్క నుంచి నన్ను లేపిన ఆడవాళ్ళు, తడిక వేసి ఈనే గొర్రెను దాచిన ఇళ్ళవాళ్ళు. అందరూ పోయారు, కొందరు కాటికి, కొందరు పట్నాలకు. ఊళ్ళో ఆ వాడ ఇప్పుడు సగం తాళాలు, నల్ల గొర్రె చూద్దామన్నా లేదు, గోదావరికి పోయే బాట పత్తి చేన్ల కిందా కాలువల కిందా పోయింది, జీవాలు ఎక్కడికి పోవాలన్నా లారీల్లోనే. షెడ్డు దగ్గర ఆ మాట విన్నది ఏమీ తెలియని మనుమడు, మేత మోస్తున్న ఇద్దరు పనివాళ్ళు. ఆ పనివాళ్ళు బీహారు నుంచి వచ్చి వారమే అయింది, వాళ్ళకు తెలుగు రాదు.